ఒకే స్లాట్‌లో నాలుగు ఎస్‌ఎస్‌డీలు: అడాప్టర్ కార్డు కొనేముందు ఇవి తెలుసుకోండి

మదర్‌బోర్డు మీద ఉన్న ఒకటి రెండు ఎం.2 స్లాట్లు నిండిపోయాయి. ఇంకో వేగమైన ఎస్‌ఎస్‌డీ పెట్టాలి. ఎక్కడ పెట్టాలి? దీనికి మార్కెట్‌లో దొరికే మందు పీసీఐఈ అడాప్టర్ కార్డు. గ్రాఫిక్స్ కార్డు కూర్చునే పొడవాటి స్లాట్‌లో దీన్ని బిగిస్తే, దాని మీద రెండు లేదా నాలుగు ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీలు పెట్టుకోవచ్చు. పెళ్లి, వలీమా వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోల వాళ్లు, సీసీటీవీ రికార్డింగ్ చూసుకునేవాళ్లు, ఇంట్లో సర్వర్ నడిపే కుర్రాళ్లు ఇప్పుడు దీని గురించి ఎక్కువగా అడుగుతున్నారు.

అయితే ఈ కార్డుతో ఒక చిక్కుంది. కొని, బిగించి, స్విచ్ వేస్తే చాలామందికి నాలుగు డ్రైవుల్లో ఒక్కటే కనిపిస్తుంది. కార్డు పాడైందనుకుని దుకాణానికి తిరిగి వెళ్తారు. అక్కడ ఇంకో కార్డు ఇస్తారు. అదీ అంతే. నిజానికి చాలాసార్లు తప్పు కార్డుది కాదు, ఆ మదర్‌బోర్డుకు ఆ కార్డు సరిపడదు, అంతే. ఇది ముందే తెలిస్తే డబ్బు మిగులుతుంది. ఇంకోవైపు, నాలుగు డ్రైవులనూ తొందరపడి ఒకటిగా కలిపేస్తే, ఒక్క డ్రైవు పోయినా కస్టమర్ల పెళ్లి వీడియోలన్నీ పోయే ప్రమాదముంది. అందుకే ఈ రెండు విషయాలనూ వివరంగా చూద్దాం.

లేన్లు అంటే ఏమిటి?

పీసీఐఈ అంటే ప్రాసెసర్‌కూ కార్డులకూ మధ్య ఉండే రోడ్డు అనుకోండి. ఆ రోడ్డులోని ఒక్కో వరుసను లేన్ అంటారు. పొడవాటి స్లాట్‌లో 16 లేన్లు ఉంటాయి. ఒక ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీకి కావాల్సినవి 4 లేన్లు. 16ను 4తో భాగిస్తే 4 వస్తుంది. అందుకే ఒక స్లాట్‌లో నాలుగు ఎస్‌ఎస్‌డీలు పెట్టే కార్డులు పుట్టాయి.

లేన్ వేగం తరాన్ని బట్టి మారుతుంది. 4 లేన్లకు లెక్క సుమారుగా ఇలా ఉంటుంది:

- పీసీఐఈ 3.0: సెకనుకు 3.9 జీబీ
- పీసీఐఈ 4.0: సెకనుకు 7.8 జీబీ
- పీసీఐఈ 5.0: సెకనుకు 15.7 జీబీ

పాత సాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. తేడా ఎంతుందో దీన్ని బట్టే తెలుస్తుంది. పైన చెప్పినవి రోడ్డు వెడల్పు మాత్రమే. డ్రైవు కూడా ఆ వేగంతో పరిగెత్తగలిగితేనే ఆ లెక్క నిజమవుతుంది. 4.0 డ్రైవును 3.0 స్లాట్‌లో పెట్టినా పనిచేస్తుంది, కానీ 3.0 వేగంతోనే.

కార్డులు రెండు రకాలు

బయటికి రెండూ ఒకేలా ఉంటాయి. ధరలో మాత్రం చాలా తేడా ఉంటుంది. అసలు కిటుకు ఇక్కడే ఉంది.

మొదటి రకం సాదా కార్డు. దీనిమీద తెలివైన చిప్ ఏదీ ఉండదు. స్లాట్ నుంచి వచ్చే 16 లేన్లను నాలుగు నాలుగుగా విడగొట్టి నాలుగు ఎం.2 సాకెట్లకు తీగలు లాగి ఇస్తుంది, అంతే. ఆసుస్ హైపర్ ఎం.2, ఏఎస్‌రాక్ హైపర్ క్వాడ్ ఎం.2 ఈ కోవలోవే. ఆన్‌లైన్‌లో పేరులేని చవక కార్డులు కూడా ఎక్కువగా ఇవే. ఈ కార్డు పనిచేయాలంటే 16 లేన్లను నాలుగు ముక్కలుగా విడగొట్టే పని మదర్‌బోర్డే చేయాలి. దాన్ని బైఫర్కేషన్ అంటారు. మదర్‌బోర్డు ఆ పని చేయకపోతే స్లాట్ మొత్తాన్ని ఒకే పరికరం అనుకుంటుంది. అప్పుడు మొదటి డ్రైవు ఒక్కటే కనిపిస్తుంది. మిగతా మూడూ దానికి లేనట్టే లెక్క.

రెండో రకం స్విచ్ చిప్ ఉన్న కార్డు. దీనిమీద బ్రాడ్‌కామ్ లేదా ఏఎస్‌మీడియా వంటి కంపెనీ చేసిన స్విచ్ చిప్ ఉంటుంది. లేన్లను పంచే పని ఆ చిప్పే చూసుకుంటుంది. మదర్‌బోర్డుకు బైఫర్కేషన్ రాకపోయినా నాలుగు డ్రైవులూ కనిపిస్తాయి. హైపాయింట్ కంపెనీ ఎస్‌ఎస్‌డీ7101ఏ-1 కార్డు దీనికి ఉదాహరణ. పీసీఐఈ 3.0, 16 లేన్లు, నాలుగు ఎం.2 సాకెట్లు. సాదా కార్డు కంటే వీటి ధర కొన్ని రెట్లు ఎక్కువ. కరెంటు కూడా కొంచెం ఎక్కువే తాగుతాయి, వేడెక్కుతాయి.

స్విచ్ కార్డులోనూ ఒక సంగతి గమనించాలి. ఏఎస్‌మీడియా ఏఎస్‌ఎం2824 చిప్ ఉన్న కార్డులో మదర్‌బోర్డు వైపు 3.0 లేన్లు 8 మాత్రమే ఉంటాయి. డ్రైవుల వైపు 16 ఉంటాయి. అంటే నాలుగు డ్రైవులూ కలిసి సెకనుకు సుమారు 7.8 జీబీని పంచుకోవాలి. ఒక్కో డ్రైవును విడిగా వాడితే తేడా తెలియదు. నాలుగూ ఒకేసారి పనిచేసినప్పుడు తెలుస్తుంది.

మీ ప్రాసెసర్ ఒప్పుకుంటుందా?

సాదా కార్డు కొనాలంటే ముందు చూడాల్సింది ప్రాసెసర్, మదర్‌బోర్డు.

ఇంటెల్ కోర్ 12, 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు: వీటిలో 16 లేన్లను 8+8గా మాత్రమే విడగొట్టవచ్చు. 4+4+4+4 కుదరదు. కాబట్టి నాలుగు సాకెట్ల సాదా కార్డు పెడితే ఎక్కువలో ఎక్కువ రెండు డ్రైవులే కనిపిస్తాయి. అది కూడా మొదటి, మూడో సాకెట్లలో పెట్టినవి. "మొదటి రెండు సాకెట్లలో పెట్టాను, ఒక్కటే వస్తోంది" అనే ఫిర్యాదుకు కారణం ఇదే.

ఇంటెల్ 10వ తరం, అంతకుముందు మామూలు డెస్క్‌టాప్‌లు: చిప్ పరంగా 8+4+4 వరకు వీలుంది, అంటే మూడు డ్రైవులు. కానీ మదర్‌బోర్డు కంపెనీ బయోస్‌లో ఆ సౌకర్యం ఇచ్చి ఉండాలి. చవక బోర్డుల్లో చాలావరకు ఉండదు.

ఏఎండీ రైజెన్ ఏఎం4, ఏఎం5: 4+4+4+4ను ఒప్పుకునే బోర్డులు వీటిలో చాలా ఉన్నాయి. ఎక్స్570, బీ550 బోర్డుల్లో ఈ ఆప్షన్ తరచూ కనిపిస్తుంది. అయితే పేరు చివర జీ అక్షరం ఉన్న ప్రాసెసర్లతో జాగ్రత్త. వాటిలో లోపలే గ్రాఫిక్స్ ఉండటం వల్ల బయటి స్లాట్‌కు ఇచ్చే లేన్లు తక్కువ ఉండొచ్చు. ఉదాహరణకు రైజెన్ 7 8700జీలో పెద్ద స్లాట్‌కు వచ్చేవి 8 లేన్లే.

థ్రెడ్‌రిప్పర్, ఎపిక్, జియాన్: ఇవి వర్క్‌స్టేషన్, సర్వర్ రకాలు. లేన్లకు కొదవ ఉండదు. ఎపిక్‌లో 128 లేన్లు ఉంటాయి. 2017లో వచ్చిన మొదటి థ్రెడ్‌రిప్పర్‌లోనే 64 ఉన్నాయి. ఎక్కువ డ్రైవులు పెట్టేవాళ్లు సెకండ్ హ్యాండ్ సర్వర్ బోర్డుల వైపు చూసేది ఇందుకే.

గ్రాఫిక్స్ కార్డు ఉంటే లెక్క మారుతుంది

మామూలు డెస్క్‌టాప్‌లో ప్రాసెసర్ నుంచి నేరుగా వచ్చే 16 లేన్ల స్లాట్ ఒక్కటే. అందులో గ్రాఫిక్స్ కార్డు కూర్చుంటే ఎస్‌ఎస్‌డీ కార్డుకు జాగా ఏది? కొన్ని ఖరీదైన బోర్డుల్లో రెండో పొడవాటి స్లాట్ ఉంటుంది. అందులో ఏదైనా పెట్టగానే మొదటి స్లాట్ 8 లేన్లకు తగ్గి, మిగతా 8 రెండో దానికి వెళ్తాయి. ఏఎండీలో ఆ 8ని 4+4గా చేసుకునే వీలున్న బోర్డులైతే రెండు డ్రైవులు వస్తాయి. ఇంటెల్ 12 నుంచి 14 తరాల్లో సాదా కార్డు మీద ఒక్కటే వస్తుంది.

ఇంకో మోసం కంటికి కనిపించేదే. కింద ఉండే స్లాట్ చూడటానికి పొడవుగా 16 లేన్లదిలా ఉంటుంది. లోపల మాత్రం 4 లేన్లకే తీగలు ఉంటాయి. స్లాట్ లోపలికి టార్చ్ వేసి చూడండి. బంగారు రంగు పిన్నులు కొంతదూరం వరకే ఉంటే అది పొడవే కానీ దమ్ము లేని స్లాట్ అన్నమాట. అలాంటి స్లాట్ ఎక్కువగా చిప్‌సెట్ నుంచి వస్తుంది. అక్కడ సాదా కార్డుతో ఒక డ్రైవే పనిచేస్తుంది. పైగా చిప్‌సెట్ మీద ఉన్న యూఎస్‌బీ, సాటా, నెట్‌వర్క్ అన్నీ ప్రాసెసర్ దగ్గరికి పోయే దారి ఒకటే. బీ550లో ఆ దారి వెడల్పు పీసీఐఈ 3.0 నాలుగు లేన్లు. ఎన్ని డ్రైవులు తగిలించినా అంతకు మించి రాదు.

కొనడానికి వెళ్లేముందు

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లినా, ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టినా, ముందు ఈ పనులు చేయండి.

1. మదర్‌బోర్డు మోడల్ నంబర్ రాసుకోండి. విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే బేస్‌బోర్డ్ ప్రొడక్ట్ దగ్గర ఉంటుంది.

2. ఆ బోర్డు మాన్యువల్‌ను కంపెనీ వెబ్‌సైట్ నుంచి దించుకుని బైఫర్కేషన్ అనే మాట వెతకండి. అన్ని కంపెనీలూ ఆ మాటే వాడవు. కొందరు పీసీఐఈ లేన్స్ కాన్ఫిగరేషన్ అంటారు. ఆసుస్ బోర్డుల్లో పీసీఐఈ రెయిడ్ మోడ్ అని కనిపించవచ్చు. పేరు చూసి భయపడకండి. అది లేన్లను విడగొట్టడమే కానీ, డ్రైవులను రెయిడ్‌లో కలపడం కాదు.

3. మీ దగ్గరున్న ఎస్‌ఎస్‌డీ ఎన్‌వీఎంఈనా, ఎం.2 సాటానా చూడండి. రెండూ ఒకే సైజులో ఉంటాయి. సాటా రకం ఈ కార్డుల్లో పనిచేయదు.

4. రెండు సాకెట్లున్న మరీ చవక కార్డుల్లో ఒకటి ఎన్‌వీఎంఈకి, రెండోది సాటాకు ఉంటుంది. ఆ రెండో సాకెట్‌కు మదర్‌బోర్డు నుంచి విడిగా సాటా కేబుల్ వేయాలి. రెండు వేగమైన డ్రైవులు పెట్టొచ్చనుకుని దీన్ని కొంటే డబ్బు దండగ.

5. ఒక్క లేన్ ఉన్న బుల్లి కార్డులూ దొరుకుతాయి. 3.0లో అవి సెకనుకు 1 జీబీ కూడా దాటవు. పాత ఫైళ్లు దాచుకోవడానికి పర్లేదు.

6. డ్రైవు పొడవు చూడండి. 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు. ఇళ్లలో, స్టూడియోల్లో వాడేది ఎక్కువగా ఇదే. సర్వర్ల నుంచి తీసిన పాత డ్రైవులు 22110 సైజులో ఉండొచ్చు. అది అన్ని కార్డుల్లో పట్టదు.

7. సెకండ్ హ్యాండ్ ఎస్‌ఎస్‌డీ అయితే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రామ్‌లో ఆరోగ్యం శాతం, ఎన్ని గంటలు నడిచింది, ఇప్పటిదాకా ఎంత రాశారు అన్నవి చూపించమని అడగండి. చూపించకపోతే వద్దనండి.

బిల్లు, వారంటీ కాగితం తప్పనిసరిగా తీసుకోండి. "మా బోర్డుకు బైఫర్కేషన్ లేకపోతే వెనక్కి తీసుకుంటారా?" అని కొనేముందే అడగండి.

బిగించే పద్ధతి

ముందు ఉన్న డేటాకు ఒక కాపీ తీసుకోండి. కంప్యూటర్ ఆపి, ప్లగ్ పీకి, క్యాబినెట్ లోహాన్ని ఒకసారి ముట్టుకోండి. ఒంట్లోని స్టాటిక్ కరెంటు పోతుంది. డ్రైవులను ఏటవాలుగా సాకెట్‌లోకి దూర్చి, కిందికి వంచి స్క్రూ బిగించాలి. హీట్‌సింక్ కింద మెత్తటి థర్మల్ ప్యాడ్‌లుంటాయి. వాటిమీద ఉండే పల్చటి ప్లాస్టిక్ పొరను తీయాలి. ఇది తీయడం మర్చిపోయి, డ్రైవులు కాలిపోతున్నాయని వాపోయేవాళ్లు చాలామంది.

తర్వాత బయోస్‌లోకి వెళ్లి, కార్డు పెట్టిన స్లాట్‌ను 4+4+4+4కు మార్చి సేవ్ చేయండి. విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే కొత్త డ్రైవులు కనిపిస్తాయి. విండోస్ 8.1 నుంచి ఎన్‌వీఎంఈకి విడిగా డ్రైవర్ అక్కర్లేదు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో ట్రాన్స్‌ఫర్ మోడ్ దగ్గర 4 లేన్లు పడుతున్నాయో లేదో చూడండి. అక్కడ 1 లేదా 2 కనిపిస్తే డ్రైవు గానీ కార్డు గానీ సరిగా కూర్చోలేదేమో చూసుకోవాలి.

ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక. బయోస్ అప్‌డేట్ చేసినా, బోర్డు మీది నాణెం బ్యాటరీ అయిపోయినా ఈ సెట్టింగ్ మళ్లీ మొదటికి వస్తుంది. ఒకరోజు పొద్దున కంప్యూటర్ తెరిస్తే మూడు డ్రైవులు మాయం. అప్పుడు కంగారు పడి కొత్తగా ఫార్మాట్ చేయొద్దు. ఇనిషియలైజ్ చేయమని విండోస్ అడిగినా ఒప్పుకోవద్దు. ముందు బయోస్‌లోకి వెళ్లి సెట్టింగ్ సరిచేయండి. చాలాసార్లు డేటా ఎక్కడికీ పోదు, అక్కడే ఉంటుంది.

వేడి సంగతి

ఎన్‌వీఎంఈ డ్రైవు బాగా వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. చాలా డ్రైవుల్లో ఇది 70 నుంచి 85 డిగ్రీల మధ్య మొదలవుతుంది. ఒకే కార్డు మీద నాలుగు డ్రైవులు పక్కపక్కనే ఉంటాయి, పైన గ్రాఫిక్స్ కార్డు వేడిగాలి వదులుతుంది. ఏప్రిల్, మే నెలల్లో బయట 40 డిగ్రీలు దాటే మన హైదరాబాద్‌లో ఏసీ లేని గదిలో పెట్టిన సిస్టమ్‌కు ఇది చిన్న విషయం కాదు. చిన్న ఫ్యాన్, లోహపు హీట్‌సింక్ ఉన్న కార్డే తీసుకోండి. క్యాబినెట్ ముందు ఫ్యాన్ గాలి కార్డుకు తగిలేలా చూడండి. ఆరు నెలలకోసారి దుమ్ము దులపండి.

నాలుగూ కలిపి ఒకటి చేయాలా?

అసలు నష్టం జరిగేది ఇక్కడే. నాలుగు 1 టీబీ డ్రైవులుంటే వాటిని కలపడానికి కొన్ని పద్ధతులున్నాయి.

- రెయిడ్ 0: 4 టీబీ మొత్తం వాడుకోవచ్చు, వేగం ఎక్కువ. కానీ ఒక్క డ్రైవు పోతే మొత్తం పోతుంది.
- రెయిడ్ 10: 2 టీబీ మిగులుతుంది. ఒక డ్రైవు పోయినా డేటా నిలుస్తుంది.
- రెయిడ్ 5: 3 టీబీ మిగులుతుంది. ఒక డ్రైవు పోయినా నిలుస్తుంది. రాసే వేగం తగ్గుతుంది.
- విడివిడిగా ఉంచడం: నాలుగు వేర్వేరు డ్రైవులు. ఒకటి పోతే అందులో ఉన్నది మాత్రమే పోతుంది.

లెక్క వేసి చూద్దాం. ఒక డ్రైవు ఏడాదిలో పాడయ్యే అవకాశం 100లో 2 అనుకుందాం. నాలుగింటిని రెయిడ్ 0లో కలిపితే మొత్తం పోయే అవకాశం దాదాపు 100లో 8 అవుతుంది. వేగం కోసం ప్రమాదాన్ని నాలుగింతలు చేసుకున్నట్టు.

మరి ఆ వేగం నిజంగా పనికొస్తుందా? 4కే వీడియోను యాపిల్ ప్రోరెస్ 422 హెచ్‌క్యూలో సెకనుకు 25 ఫ్రేములతో తీస్తే, దానికి కావాల్సింది సెకనుకు 92 ఎంబీ మాత్రమే. నాలుగు కెమెరాల వీడియో ఒకేసారి నడిపినా 370 ఎంబీ దాటదు. మామూలు కెమెరాలు తీసే ఫైళ్లకు ఇందులో కొద్ది భాగమే చాలు. అంటే ఒక్క మంచి ఎన్‌వీఎంఈ డ్రైవు దీన్ని నవ్వుతూ మోస్తుంది. కెమెరా కార్డు నుంచి కాపీ చేసేటప్పుడు ఆలస్యం కార్డుది. మామూలు యూహెచ్‌ఎస్-1 ఎస్‌డీ కార్డు హద్దు సెకనుకు 104 ఎంబీ. పాత హార్డ్ డిస్క్ నుంచి కాపీ చేస్తే ఆలస్యం ఆ డిస్క్‌ది. గిగాబిట్ నెట్‌వర్క్ మీద పంపితే సెకనుకు 110 ఎంబీ చుట్టూనే ఉంటుంది. విండోస్ తెరుచుకోవడం, సాఫ్ట్‌వేర్ లోడ్ కావడం లాంటి చిన్నచిన్న ఫైళ్ల పనుల్లో రెయిడ్ 0 వల్ల చెప్పుకోదగ్గ తేడా రాదు.

కాబట్టి ఎక్కువమందికి ఈ కార్డు వల్ల లాభం వేగం కాదు, జాగా. ఒక డ్రైవు విండోస్‌కు, ఒకటి నడుస్తున్న ప్రాజెక్టుకు, ఒకటి క్యాషేకు, ఒకటి పూర్తయిన పనులకు అని విడివిడిగా పెట్టుకోవడమే మేలు. కలపాల్సిందే అనుకుంటే విండోస్ స్టోరేజ్ స్పేసెస్‌లో మిర్రర్ పద్ధతి, లినక్స్‌లో ఎండీఏడీఎం లేదా జెడ్‌ఎఫ్‌ఎస్ వాడండి. బోర్డు పాడైనా వీటిని ఇంకో కంప్యూటర్‌లో తెరిచే వీలుంటుంది. మదర్‌బోర్డు సొంత రెయిడ్‌లో పెడితే అలాంటి బోర్డే మళ్లీ వెతుక్కోవాల్సి రావచ్చు.

ఏ రెయిడ్ అయినా బ్యాకప్ కాదు. చేయి జారి డిలీట్ అయినా, వైరస్ పట్టినా, దొంగలు ఎత్తుకెళ్లినా మిర్రర్ కాపాడదు. మామూలు ఎస్‌ఎస్‌డీలో డిలీట్ చేసిన ఫైళ్లు ట్రిమ్ వల్ల మళ్లీ దొరకడం చాలా కష్టం. మూడు కాపీలు, రెండు రకాల పరికరాలు, ఒకటి ఇంకో చోట అనే పాత సూత్రమే పాటించండి. ఏళ్ల తరబడి అల్మారాలో దాచడానికి ఎస్‌ఎస్‌డీ కంటే హార్డ్ డిస్క్ చవక, నమ్మకం కూడా. కరెంటు పోయేచోట యూపీఎస్ పెట్టుకోవాలి. రాస్తుండగా కరెంటు పోతే మామూలు ఎస్‌ఎస్‌డీలో ఆఖరి క్షణాల డేటా చెడిపోవచ్చు.

ఎవరికి అవసరం, ఎవరికి వద్దు?

ఛత్తా బజార్‌లో రుక్కాలు, శుభలేఖలు డిజైన్ చేసే దుకాణానికి ఇది అక్కర్లేదు. ఒక ఎన్‌వీఎంఈ, ఒక హార్డ్ డిస్క్ సరిపోతాయి. బోర్డులో ఒక్క ఎం.2 స్లాట్ ఉన్నవాళ్లు నాలుగు చిన్న డ్రైవులకు బదులు ఒక పెద్ద డ్రైవు ధర ముందు చూడాలి. కార్డు ఖర్చు కూడా కలిపితే చాలాసార్లు అదే లాభం. అప్పుడప్పుడు వాడే ఫైళ్లకైతే 10 గిగాబిట్ యూఎస్‌బీ డబ్బాలో పెట్టిన ఎస్‌ఎస్‌డీ సెకనుకు సుమారు 1 జీబీ ఇస్తుంది. క్యాబినెట్ విప్పే పనే లేదు.

గ్రాఫిక్స్ కార్డు అవసరం లేని ఏఎండీ సిస్టమ్, లేదా లేన్లు దండిగా ఉన్న వర్క్‌స్టేషన్ ఉంటే సాదా కార్డు చవకలో మంచి బేరం. బోర్డుకు బైఫర్కేషన్ లేదు, కానీ మూడు నాలుగు డ్రైవులు తప్పవు అన్నవాళ్లు మాత్రమే స్విచ్ కార్డుకు అంత ఖర్చు పెట్టాలి. ఈ రెండింట్లో మీరెక్కడున్నారో మదర్‌బోర్డు మాన్యువల్‌లోని ఒక్క పేజీ చెబుతుంది. జేబులోంచి డబ్బు తీసేముందు ఆ పేజీ తెరవండి.